వృందము - కోలాహలము

పాశ్చాత్యదేశములయందలి మహానగరములకు సింఫనీ ఆర్కెస్ట్రా యలంకారమై యున్నది. మన నగరముల కట్టిది యేల లేదను ప్రశ్నకు, వాద్యవృందము మనకు ఎరువుసొమ్మను తలంపు తరచుగ సమాధానమగుచున్నది. ఆ తలంపు శాస్త్రవిరుద్ధము.

భరతముని నాట్యశాస్త్రమున గాయకవాదకసమూహమునకు కుతపమని పేరు. 'కు' యనగా రంగము. దానిని తపింపజేయునది, అనగా వెలిగించునది, కుతపమని వ్యాఖ్యాతలు వ్యుత్పత్తి చెప్పిరి. గాయకునితో వీణ, విపంచి, వేణువు తతకుతపమునను, మృదంగ పణవ దర్దురములు అవనద్ధకుతపమునను చేరును.

క్రీ. శ. 13వ శతాబ్దమున దేవగిరి సింఘణుని యాశ్రయమున నున్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున వృందమునకు లెక్కను గూడ నిర్ణయించెను. ముఖ్యగాయకులు 4, సమగాయకులు 8, గాయనులు 12, వేణువాదకులు 4, మార్దంగికులు 4: ఈ 32 మంది కూడినది ఉత్తమవృందము. అందు సగము మధ్యమము. ఉత్తమమును మించినదానికి కోలాహలమని పేరు. లోకమున సందడికి చెల్లు మాటయే యిచట పారిభాషికమైనది.

వృందగుణములు ఆరు: ముఖ్యుని ననుసరించుట, ఒండొరులతో మేళవించుట, తాళమున లీనమై నడచుట, ఒకరి లోపమును మరియొకరు పూరించుట, మూడు స్థాయిలను వ్యాపించు శక్తి, నాదసాదృశ్యము. వీనిలో నాల్గవది విశేషముగ గమనింపదగినది.

ఆ శతాబ్దముననే తెలుగునాట కాకతి గణపతిదేవుని గజసాహిణియగు జాయసేనాపతి నృత్తరత్నావళిని (1253-54) రచించెను. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన పాలంపేట రామప్పగుడి శిల్పములందు నర్తకుల సరసనే మార్దంగికులు కానవత్తురు. కాలక్రమమున మనోధర్మమునకు ప్రాధాన్యము హెచ్చి, ఏకగాయకుని కచేరి మన సంగీతమునకు ప్రధానరూపమైనది.

1952లో ఢిల్లీ ఆకాశవాణి వాద్యవృందమును నెలకొల్పెను. పండిత రవిశంకరుడు, టి. కె. జయరామయ్యరు దానిని నడపిరి. 1922లో ద్రాక్షారామమున జన్మించిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి తరువాత దానికి సంచాలకుడై స్వయముగ రచనలు కూర్చెను. సింఫనీయందు భిన్నస్వరములు ఏకకాలమున పలుకుట ప్రధానము. మన వృందమున రాగచ్ఛాయ చెడకుండ నొకే స్వరధారను వాద్యములకు పంచుట ప్రధానము. తన మనోధర్మమునకు స్వయముగ హద్దు గీచికొనుట ఏకవాద్యమున నారితేరిన విద్వాంసునికి కష్టమైన పని.

కావున వృందమును నిలుపగోరు నగరము ధనమునకును సంఖ్యకును ముందుగ నా నాల్గవ గుణమును వెదుకవలయును. అది కొరవడినచో, శాస్త్రోక్తముగ ముప్పదిరెండ్రు కూడినను కోలాహలమే యగును.