బిషప్ అజరయ్య: తను చూడని రోజు కోసం పనిచేసిన మనిషి



మన బొంతపల్లి కమాన్ దగ్గర బస్సెక్కి నర్సాపూర్ మీదుగా పోతే మెదక్ చర్చి వస్తది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన చర్చి అది. మనలో చాలామంది అక్కడ ఫొటోలు దిగినవాళ్ళమే. గేటు దగ్గర "సీఎస్ఐ" అనే మూడక్షరాలు కూడా చూసే ఉంటారు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అని దాని అర్థం. ఆ సంఘం కోసం పాతికేళ్ళు కష్టపడి, అది పుట్టిన రోజు చూడకుండానే కన్నుమూసిన ఒకాయన ఉన్నారు. ఆయనే డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

ఆయన తెలుగాయన కాదు. 1874లో తమిళనాడు తిరునెల్వేలి వైపు ఒక పల్లెలో పుట్టారు. నాన్న పల్లెటూరి పాస్టర్. అజరయ్య వైఎంసీఏలో మంచి ఉద్యోగంలో ఉండేవారు. సువార్త పని అంటే విదేశాల నుంచి దొరలు వచ్చి చేసేదే అని అందరూ అనుకునే రోజులవి. మన పని మనమే, మన డబ్బుతోనే చేసుకోవాలని 1903లో తిరునెల్వేలి క్రైస్తవులతో కలిసి ఒక మిషనరీ సంఘం పెట్టారు. ఆ సంఘం పని కోసం ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఊరు కొత్త, భాష కొత్త. ఇతరులను పంపి ఊరుకోలేదు. 1909లో ఉద్యోగం వదిలి తనే వచ్చేశారు. తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడాది స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల పెద్ద సభ జరిగింది. అక్కడ తెల్ల మిషనరీల ముందే నిలబడి, మాకు మీ త్యాగాలే కాదు, మీ స్నేహం కూడా కావాలనే అర్థంలో మాట్లాడారు. బ్రిటిష్ వాళ్ళ రాజ్యం నడుస్తుండగా ఆ మాట అనడం చిన్న విషయం కాదు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ని బిషప్ చేశారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

ఆ తర్వాత 32 ఏళ్ళు డోర్నకల్‌లోనే ఉన్నారు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు, ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులు. వాళ్ళ పిల్లలకి బడులు పెట్టించారు, వాళ్ళలోంచే టీచర్లను, పాస్టర్లను తయారుచేశారు. అందరూ ఆయన్ని మెచ్చుకోలేదు. ఇలా గుంపులుగా మతం మారడాన్ని గాంధీజీ గట్టిగా విమర్శించారు. ఆ వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కానీ అజరయ్య తను నమ్మిన పని వదల్లేదు.

డోర్నకల్‌లో కట్టించిన కేథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు, మినార్లు, గుడి స్తంభాల్లాంటి స్తంభాలు, అన్నీ మన దేశపు కట్టడాల్లోంచి తీసుకున్నవే.

అయితే ఆయన పెద్ద కల వేరే ఉంది. అదే పల్లెలో ఒకళ్ళు ఆంగ్లికన్, ఒకళ్ళు మెథడిస్టు, ఇంకొకళ్ళు ఇంకో సంఘం. ఈ గోడలు ఇంగ్లండ్ చరిత్రలో పుట్టినవి, మనకెందుకు అని ఆయన ప్రశ్న. 1919లో ట్రాంక్విబార్‌లో మిగతా సంఘాల వాళ్ళతో కూర్చుని ఐక్యత చర్చలు మొదలుపెట్టారు. మీటింగులు, అభ్యంతరాలు, మళ్ళీ మీటింగులు. అలా పాతికేళ్ళు గడిచాయి. 1945 జనవరి 1న, 70 ఏళ్ళ వయసులో, డోర్నకల్‌లోనే కన్నుమూశారు. అప్పటికి సంఘాలు కలవలేదు.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో కలిశాయి. మెథడిస్టులు కట్టిన మెదక్ చర్చి, ఆంగ్లికన్ల డోర్నకల్ చర్చి ఒకే సంఘంలోకి వచ్చాయి. అజరయ్య మాత్రం లేరు.

మరి ఆయన పని పూర్తి చేసినట్టా, చేయనట్టా? మన బెల్ట్‌లో ఫ్యాక్టరీకి పోయేవాళ్ళకి ఈ జవాబు తెలుసు. షిఫ్ట్ అయిపోయినా బ్యాచ్ అయిపోదు. రిలీవర్‌కి అప్పజెప్పి, లాగ్‌బుక్ రాసి బయటికి వస్తే మీ పని మీరు చేసినట్టే. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే మేం కేటీ అనేవాళ్ళం. మనిషి వెళ్ళాక ప్రాజెక్టు ఆగిపోయిందంటే, ఆ మనిషి గొప్పోడని కాదు, ఎవరికీ నేర్పలేదని అర్థం.

అజరయ్య నేర్పి వెళ్ళారు. అందుకే ఆయన పోయిన రెండేళ్ళ తొమ్మిది నెలలకి ఆ పని పూర్తయింది. వీరభద్రుడికి మొక్కేవాళ్ళకైనా, చర్చికి వెళ్ళేవాళ్ళకైనా, నమాజు చేసేవాళ్ళకైనా ఇది ఒకటే. బిల్డింగ్ మీద పేరుంటే సరిపోదు. మన తర్వాత ఆ పని ఎత్తుకునే మనుషులుండాలి. మీరు చేస్తున్న పని ఇప్పుడు ఎవరికి నేర్పుతున్నారో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.