చీనీతోటలు – నీటి పొదుపు

ఏక్‌బాల్‌పూరునకు చేరువనున్న అలీపూరులో భారత వ్యవసాయోద్యాన సంఘమువారి తోట కలదు. 1820లో ఈ సంఘమును స్థాపించిన విలియం కేరీయే 1814లో శ్రీరామపురమున తెలుగు వ్యాకరణమును అచ్చువేయించెను. ఏటా 1,600 మిల్లీమీటర్లకు మించి వాన కురియు కలకత్తాలో తోటమాలికి చింత ఎక్కువగా మురుగునీటిని గూర్చియే. అనంతపురము సీమలో సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అచట చీనీచెట్టును బ్రతికించుటయే రైతునకు పరీక్ష.

మన పూర్వులు కురిసిన నీటిని చెరువులలో నిలిపిరి. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కరుడు నిర్మింపజేసెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు 1369 నాటి శాసనము తెలుపుచున్నది. అయితే చెరువు నీరు పల్లపు మాగాణికే పారును. మెట్టతోటకు బావియే దిక్కు. కపిల తోలు కాలమున ఎద్దుల అలసటయే నీటి వాడకమునకు హద్దు. విద్యుత్తు మోటారులు, గొట్టపుబావులు వచ్చిన పిమ్మట ఆ హద్దు చెరిగినది.

నీటిని మితముగా వాడు ఉపాయములు క్రొత్తవి కావు. మట్టికుండను చెట్టు చెంత పాతి, నీరు నింపి, మూత పెట్టుట వానిలో నొకటి. నీరు కుండ గోడలనుండి ఊరి వేళ్లకు చేరును. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దపు చీనా వ్యవసాయ గ్రంథమొకటి ఈ పద్ధతిని వర్ణించినది. చీనీచెట్లకు రెండు వలయముల పాదు తీయుట మరొక పద్ధతి. మొదలునకు నీరు తగులదు కనుక బంకతెగులు తగ్గును. పీల్చువేళ్లున్న కొమ్మల అంచు క్రిందనే తడి నిలుచును. పాదులో వేరుసెనగపొట్టు పరచినచో ఆవిరి తగ్గును.

ఇశ్రాయేలులో సింఖా బ్లాస్ అను ఇంజనీరు రూపొందించిన బిందుసేద్య పరికరముల తయారీకై 1965లో ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రమున సంస్థ ఏర్పడినది. సన్నని గొట్టముల ద్వారా నీరు గంటకు కొన్ని లీటర్ల చొప్పున వేళ్ల చెంత పడును. ఉప్పునీటి వలన రంధ్రములు పూడును గనుక వడపోత, శుభ్రత తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2003లో సూక్ష్మసేద్య పథకమును ఆరంభించి ఈ పరికరములకు రాయితీ నొసగినది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము గొట్టపుబావులకు నియమములు విధించినది.

అయినను ఒక ప్రమాదము పొంచియున్నది. పొదుపైన నీటితో మరికొంత తోట నాటినచో భూగర్భమునకు మిగులునది లేదు. వానలు తప్పిన ఏట పెరిగిన తోటయంతయు ఒక్కసారిగా దాహమునకు గురియగును. చీనీచెట్టు కాపునకు వచ్చుటకు కొన్నేండ్లు పట్టును. ఎండుటకు ఒక్క వేసవి చాలును. కావున బొట్టును లెక్కించు రైతు చెట్లనుకూడ లెక్కించి నాటవలెను.