క్లబ్బు పాట పాడిన గొంతు

మూడేళ్ళ కిందట ఎం.ఏ. రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె ప్రాజెక్టు అంశం రాసిన కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. 'ఎల్.ఆర్. ఈశ్వరి క్లబ్బు పాటలు - స్త్రీల జ్ఞాపకాలు' అని ఉంది. నేను వెంటనే పెన్ను తీసి 'క్లబ్బు పాటలు' కొట్టేసి 'సినీగీతాలు' అని రాశాను. ఎందుకలా చేశానో ఆ నిమిషంలో ఆలోచించలేదు. ముద్దుపళని గురించి, ఆమె రాధికాసాంత్వనాన్ని 1910లో తిరిగి అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ గురించి, 1947 దాకా ఆ పుస్తకం మోసిన నిషేధం గురించి ఏటా పాఠం చెప్పేదాన్ని నేను. ఆ నిషేధం పెట్టినవాళ్ళ కలం నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో!

ఆ అమ్మాయిది చిత్తూరు వైపు, తమిళనాడు సరిహద్దు పల్లె. "సరే మేడమ్, ముందు ఇవి వినండి" అని ఫోనులో రెండు పాటలు వినిపించింది. మొదటిది 1973లో వచ్చిన 'దేవుడు చేసిన మనుషులు' సినిమాలోది, మనందరికీ తెలిసిందే. రెండోది తమిళంలో అమ్మవారి పాట. "జాతరప్పుడు మా గుడి మైకులో తెల్లారేసరికి ఇదే వచ్చేది. ఆ గొంతూ ఈ గొంతూ ఒకటేనని నాకు డిగ్రీకొచ్చేదాకా తెలీదు. మా అవ్వకైతే ఇప్పటికీ నమ్మకం లేదు" అంది.

ఆ అవ్వ ఎందుకు నమ్మలేదో అర్థం కావాలంటే కాస్త వెనక్కి పోవాలి. 1932లో విడుదలైన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో సురభి కమలాబాయి తనే నటించింది, తనే పాడింది. అప్పటికి వేరే దారి లేదు. తెర మీదికొచ్చి పాడే ధైర్యం, సాధన ఉన్న ఆడవాళ్ళు నాటకాల కుటుంబాల నుంచి, కళావంతుల ఇళ్ళ నుంచి వచ్చారు. ఆడది నలుగురిలో గొంతెత్తితే ఆమె కులమేది, శీలమేది అని లెక్కలు తీసే రోజులవి. సర్దార్ పటేల్ 1946లో సమాచార ప్రసారశాఖ చేపట్టాక, వ్యక్తిగత జీవితం రచ్చకెక్కిన గాయనులకు ఆకాశవాణిలో చోటు లేదన్న విధానం వచ్చింది. ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ మరుసటి ఏడే మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం. పొట్టకూటి పాట పాడే ఆడవాళ్ళకు గుడి, రేడియో రెండూ దాదాపు ఒకేసారి మూతపడ్డాయి.

ప్లేబాక్ పద్ధతి వచ్చింది ఈ వాతావరణంలోకి. దాన్ని సాంకేతిక సౌకర్యంగానే చెప్పుకుంటాం గానీ అది చేసిన అసలు పని ఆడదాని గొంతునీ ఒంటినీ విడదీయడం. (భానుమతి ఒప్పుకోలేదు. తన పాట తనే పాడుకుంది. ఆమె గర్వం గురించి చెప్పే కథల్లో సగం ఇక్కడే పుట్టాయని నా అనుమానం.) ఒళ్ళు తెర మీద, గొంతు మైకు ముందు. గొంతు ఉన్న మనిషి కదలకూడదు. చీర నిండుగా కప్పుకుని, కాగితం మీంచి చూపు ఎత్తకుండా పాడాలి. అలా పాడితేనే మర్యాద. జాతీయ అవార్డుల్లో ఉత్తమ గాయని బహుమతి 1968 చిత్రాలకు మొదలుపెట్టినప్పుడు తొలిసారి అందుకున్నది మన సుశీలే. ఆ బహుమతికి ఆమె నూరుపాళ్ళూ తగింది, నేను మాట్లాడుతున్నది ఆ చుట్టూ కట్టిన గోడ గురించి.

గోడకు ఇవతల ఈశ్వరి. తల్లి కోరస్ గాయని, తనూ కోరస్‌లోనే మొదలైంది. 1961 నాటి తమిళ 'పాశమలర్' తర్వాత గుర్తింపు వచ్చింది. ఆ నవ్వు, ఊపిరి, ఎక్కిళ్ళు, విరుపు అన్నీ హీరోయిన్ పాడకూడనివే. జానకి అటూ ఇటూ పాడింది కాబట్టి గోడ మరీ పక్కాది కాదు. అయినా ఈశ్వరి గొంతు వినిపించిందంటే తెర మీద ఎవరొస్తారో హాల్లో పిల్లలకు కూడా తెలిసేది. అమాండా వైడ్‌మన్ 2021లో తెచ్చిన పుస్తకంలో దక్షిణాది ప్లేబాక్ గొంతుల మీద, ఈశ్వరి మీద చాలా లోతుగా రాసింది. ఆమె దృష్టి ఎక్కువగా తమిళ సినిమా మీద. పాడినవాళ్ళ సంగతి అందులో దొరుకుతుంది. ఇంట్లో విన్నవాళ్ళ సంగతో?

మా అమ్మాయి వెళ్ళింది అక్కడికే. తన ఊళ్ళో యాభై దాటిన ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు ఫోన్లో రికార్డు చేసింది. మొదట అందరూ "అబ్బే, ఆ పాటలా, మేం వినేవాళ్ళం కాదమ్మా" అన్నారట. రేడియోలో వస్తే మామగారు కట్టేయమనేవాడని ఒకావిడ, మిషను కుట్టుకుంటూ సౌండు తగ్గించి వినేదాన్నని ఇంకొకావిడ. మూడోసారి వెళ్ళినప్పుడు బయటపడిన సంగతి వేరే. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు విడిదికి వెళ్ళాక, తలుపులేసుకుని ఆడవాళ్ళు ఈ పాటలే పాడుకునేవాళ్ళట. పాడుతూ ఆడేవాళ్ళట, ఒకామె మగవేషం కట్టేదట. మగవాడి చూపు కోసమే తయారైన పాట, మగవాడు లేని గదిలో! మన సిద్ధాంతాల్లో 'మగచూపు' గురించి పేజీలకు పేజీలు రాశాం (నేనూ రాశాను). ఈ గది నాకు ఎక్కడా తగల్లేదు. దాన్ని తొందరపడి తిరుగుబాటు అనను. తెల్లారితే వాళ్ళు మళ్ళీ ఆ మామగారికే కాఫీ ఇవ్వాలి. కానీ ఆ రెండు గంటలు వాళ్ళ గొంతూ ఒళ్ళూ ఒకచోట ఉన్నాయి.

ప్రాజెక్టు చూసిన కమిటీలో ఒక పెద్దమనిషి, "సాహిత్య విద్యార్థికి ఇదేం పరిశోధనమ్మా, అమ్మవారి పాటల మీద చేయించరాదూ" అన్నారు. చివరికి 'ఎల్.ఆర్. ఈశ్వరి భక్తిగీతాలు, సినీగీతాలు - ఒక పరిశీలన' అన్న పేరు కుదిరింది. వాదించాను, గట్టిగానే. కానీ ఆ అమ్మాయికి పీజీ పూర్తికావాలి, ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. పర్యవేక్షకురాలిగా సంతకం పెట్టింది నేనే. మొదటి రోజు నేను పెన్నుతో చేసిన దిద్దుబాటే అచ్చులోకి వచ్చింది.

లైబ్రరీలో ఉన్న ప్రతికి ఆ పేరే ఉంది. రికార్డింగులు మాత్రం ఆ అమ్మాయి నా దగ్గర వదిలివెళ్ళింది. ఒకదాంట్లో వాళ్ళవ్వ, మనవరాలు ఎంత చెప్పినా వినకుండా, "అమ్మవారి పాట పాడినామె వేరే, ఆమె వేరే" అంటూ ఉంటుంది. పక్కనుంచి ఇంకో ముసలామె, "నువ్వే కదే మా పెద్దోడి పెళ్ళిలో పంచె కట్టింది" అంటుంది. కాసేపు ఏమీ వినపడదు. తర్వాత ఇద్దరూ నవ్వడం మొదలుపెడతారు.