అంగుళీయకము – ఒప్పందపత్రము



రాజు మరచిన బంధాన్ని కాళిదాసు ఒక ఉంగరంతో గుర్తు చేయించాడు. నన్నయభట్టారకుని భారతంలో ఆకాశవాణియే సాక్ష్యం పలికింది. ఉంగరమూ లేక, ఆకాశవాణీ పలుకని చోట బిడ్డ తన పుట్టుకను ఎట్లా నిరూపించుకోవాలి? ఈ ప్రశ్న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో నిజంగానే ఎదురైంది.

హ్యాంక్ విలియమ్స్ అక్కడి పల్లెజనుల సంగీతమైన 'కంట్రీ'కి మకుటంలేని మహారాజు. 1923లో పుట్టి, 1953 జనవరి 1న కారు వెనుక సీటులో, ఇరవై తొమ్మిదేండ్లకే కన్నుమూశాడు. సరిగ్గా అయిదు దినాలకు, జనవరి 6న, మాంట్‌గమరీ నగరంలో బాబీ జెట్ అనే స్త్రీకి ఆడశిశువు జన్మించింది. ఆ బిడ్డ పోషణభారం వహిస్తానని హ్యాంక్ 1952 అక్టోబరులో ఒప్పందపత్రం మీద సంతకం చేసి ఉన్నాడు. అదే నెలలో వేరొక స్త్రీని వివాహమాడాడు కూడా.

హ్యాంక్ తల్లి ఆ పసిదానిని 1954లో దత్తత తీసుకొన్నది. మరుసటి ఏడే ఆమె మరణించింది. బిడ్డ ప్రభుత్వ సంరక్షణలోకి, అక్కడి నుండి పరాయి కుటుంబానికి దత్తతగా వెళ్ళింది. పేరు మారింది, ఊరు మారింది, తండ్రి ఎవరో తెలియకుండానే పెరిగింది.

ఇక్కడ ఆస్తి మాట వచ్చింది. నాటి అమెరికా చట్టం ప్రకారం పాటపై హక్కు 28 ఏండ్లకు ముగిసి, మరల నూతనీకరింపబడేది. రచయిత గతించి ఉంటే ఆ హక్కు భార్యాబిడ్డలది. కనుక బిడ్డలెవరన్నది తేలవలసి వచ్చింది. 1967–68లో అలబామా న్యాయస్థానం విచారణ జరిపి, పరాయి ఇంటికి దత్తత పోయిన ఆ బాలికకు వారసత్వం లేదన్నది. ఆమె తరఫున వాదించుటకు న్యాయవాదిని నియమించారు గాని, ఆమెకు మాత్రం కబురు లేదు! తన జీవితంపై తీర్పు వెలువడిన సంగతి ఆ పిల్ల ఎరుగదు.

ఇరవై ఒకటవ ఏట, హ్యాంక్ తల్లి ఆస్తి నుండి సుమారు 2,200 డాలర్లు చేతికందినప్పుడు ఆమెకు మొదటిసారి అనుమానం అంకురించింది. అన్వేషణకు పూనుకొన్నది. 1952 నాటి పత్రం వెలికి వచ్చింది. 1985లో న్యాయస్థానం ఆమెను హ్యాంక్ పుత్రికగా అంగీకరించింది. 1989లో అలబామా అత్యున్నత న్యాయస్థానం, సత్యాన్ని దాచి ఆమెను వంచించారని తేల్చి, ఆమె వారసత్వాన్ని నిలిపింది. ఆలస్యంగా వచ్చావని తొలుత త్రోసిపుచ్చిన సమాఖ్య న్యాయస్థానం సైతం అదే ఏడు తన తీర్పును తానే సవరించుకొన్నది. ఆమె జెట్ విలియమ్స్ అనే పేరుతో గాయనిగా నిలిచింది. అన్నగారు హ్యాంక్ విలియమ్స్ జూనియర్ వర్గానికీ ఆమెకూ ఏండ్ల తరబడి వ్యాజ్యాలు నడచినా, తండ్రి 1951లో రేడియోకు పాడిన పాటల రికార్డుల విషయంలో ఇరువురూ ఒక పక్షానే నిలిచారు. 2006లో టెనెసీ న్యాయస్థానం వారి పక్షానే పలికింది.

మన 1956 నాటి హిందూ దత్తత చట్టం కూడా దత్తుకు జన్మకుటుంబంతో బంధం తెగినట్లే చెబుతుంది. అయితే దత్తతకు ముందే సంక్రమించిన ఆస్తిని మాత్రం తీసివేయదు. చట్టం గోత్రం మార్చగలదు గాని పుట్టుకను మార్చలేదని పెద్దలెరుగుదురు కాబోలు.

ధనం వచ్చినందుకు కాదు, ఈ కథ నన్ను కదిలించింది. శకుంతలను రాజు మరచినా, సభలో ఆమె మాట విన్నారు. ఈ బాలికకు ఆ సభయే లేకపోయింది. దూర్వాసుని శాపం మరపు కలిగించింది; ఇక్కడ మరచినవారెవరూ లేరు, తెలిసి దాచినవారే. శాపానికి ఉంగరం విరుగుడు. దాపరికానికి విరుగుడు, ఎవరో చింపక భద్రపరచిన ఒక కాగితం.