శ్రీనగర్‌ టు లేహ్‌: దూరం 256 కిలోమీటర్లే.. మరి ప్రయాణానికి ఎంత సమయం కేటాయించాలి?

కశ్మీర్‌ చూసుకుని అటు నుంచి అటే లద్దాఖ్‌ వెళ్లిపోదామని ప్లాన్‌ చేస్తున్నారా? టికెట్లు బుక్‌ చేసే ముందు ఈ లెక్కలు ఒకసారి చూడండి.

దూరం ఎంత?

శ్రీనగర్‌, లేహ్‌ ఎయిర్‌పోర్టుల మధ్య గగనమార్గంలో దూరం సుమారు 256 కి.మీ. రోడ్డు మీద అయితే జోజిలా, కార్గిల్‌ మీదుగా దాదాపు 420 కి.మీ. చాలామంది కార్గిల్‌లో రాత్రి బస చేసి రెండు రోజుల్లో చేరుకుంటారు.

ఫ్లైట్‌కు ఎంత టైం?

నేరుగా వెళ్తే సుమారు 50 నిమిషాలు. ఇంత తక్కువ దూరంలో ఎక్కువ సమయం టేకాఫ్‌, ల్యాండింగ్‌లకే పోతుంది. అయితే డైరెక్ట్‌ సర్వీసులు తక్కువ, సీజన్‌ను బట్టి మారుతుంటాయి. అవి దొరక్కపోతే ఢిల్లీ మీదుగా వెళ్లాలి. అప్పుడు దూరం సుమారు 1,260 కి.మీ., అంటే దాదాపు ఐదు రెట్లు. ఢిల్లీలో వెయిటింగ్‌తో కలిపి సగం రోజు పైనే పడుతుంది. శ్రీనగర్‌లో టెర్మినల్‌కు చేరకముందే తనిఖీలు ఉంటాయి కాబట్టి కనీసం మూడు గంటల ముందే బయల్దేరిన చోటు నుంచి ఎయిర్‌పోర్టుకు చేరుకోండి.

ఉదయం ఫ్లైట్లే ఎక్కువ ఎందుకు?

లేహ్‌ ఎయిర్‌పోర్టు 3,256 మీటర్ల ఎత్తులో, కొండల మధ్య ఉంది. అక్కడ గాలి పలుచన కాబట్టి ఎండ పెరిగేకొద్దీ విమానం టేకాఫ్‌ కష్టమవుతుంది. మధ్యాహ్నం గాలులు కూడా పెరుగుతాయి. ఉదయం వాతావరణం బాగోక ఫ్లైట్‌ రద్దయితే అదే రోజు మళ్లీ అవకాశం దొరకడం కష్టం.

రద్దయితే డబ్బులు వస్తాయా?

డీజీసీఏ నిబంధనల ప్రకారం విమానయాన సంస్థ మరో ఫ్లైట్‌ ఇవ్వాలి లేదా టికెట్‌ డబ్బు వాపసు ఇవ్వాలి. కారణం వాతావరణమైతే అదనపు పరిహారం రాదు. ఢిల్లీ–హైదరాబాద్‌ టికెట్‌ విడిగా కొని ఉంటే, ఆ ఫ్లైట్‌ మిస్‌ అయిన నష్టం మీదే. అందుకే లేహ్‌ నుంచి ఇంటి వరకు ఒకే పీఎన్‌ఆర్‌పై బుక్‌ చేసుకోండి. లేదంటే మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

దిగాక మరో రెండు రోజులు

శ్రీనగర్‌ ఎయిర్‌పోర్టు ఎత్తు 1,655 మీటర్లు. అంటే గంటలోపే మీరు 1,600 మీటర్లు పైకి వెళ్తున్నారు. సముద్రమట్టంతో పోలిస్తే లేహ్‌లో అందే ఆక్సిజన్‌ మూడింట రెండొంతులే. తలనొప్పి, వాంతులు, ఆయాసం రావచ్చు. దిగాక కనీసం 48 గంటలు లేహ్‌లోనే విశ్రాంతి తీసుకోండి. ఖార్దుంగ్‌లా, పాంగాంగ్‌ ఆ తర్వాతే. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు ముందే డాక్టర్‌ను సంప్రదించండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

మొత్తమ్మీద టికెట్‌పై 50 నిమిషాలే కనిపించినా, ఈ ప్రయాణానికి మీ ట్రిప్‌లో మూడు రోజులు పక్కన పెట్టుకోవడం మంచిది.