మసక బొమ్మకి మార్కులెన్ని?

పోటీకొచ్చిన ఫొటోలని తూచేవాళ్ళు తప్పు వేరు, తమకి నచ్చకపోవడం వేరు అని గుర్తుంచుకోవాలంటాను నేను. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ సంగతే చూడండి.

ఆరుగురు పిల్లల తల్లి. 1863లో, 48 ఏళ్ళ వయసులో, కూతురూ అల్లుడూ ఆవిడకి కెమేరా కానుకిచ్చారు. ఇంగ్లండులోని ఇంట్లో కోళ్ళగూడు స్టూడియో అయింది, బొగ్గుల గది డార్క్‌రూమయింది. లెన్సు తిప్పుతూ, ముఖం కంటికి అందంగా కనిపించినచోట ఆపేసేది. బొమ్మ కాస్త మసగ్గా వచ్చేది.

ఆ బొమ్మలు ప్రదర్శనకి పెడితే లండన్ ఫొటోగ్రఫీ పత్రికలవాళ్ళు ఫోకస్ కుదర్లేదనీ, మరకలున్నాయనీ అన్నిటినీ ఒకే గాటన కట్టి తీసిపారేశారు. మరకల మాట నిజమే. చెబితే దిద్దుకోవచ్చు. మసక మాత్రం ఆవిడ కోరి తెచ్చుకున్నది. దాన్ని తప్పనడం పులిహోర పుల్లగా ఉందని వంక పెట్టడమే!

అదే ఆవిడకి బెర్లిన్‌లో 1865లో కంచు పతకం, 1866లో బంగారు పతకం ఇచ్చారు. లండన్ మాటలకి జంకి కెమేరాని అటకెక్కించేసి ఉంటే నష్టం ఎవరికి?

అందుకే మార్కులు వేసే ముందు, "ఈవిడ ఏం చెయ్యాలనుకుంది?" అని ఒక్కసారి ఆలోచించండి. ఆ తర్వాత ఎంత కటువుగా చెప్పినా, అది పనికొచ్చే మాటే అవుతుంది.