పన్ను తీయడానికి గుండె మందు ఆపాలా?

"రక్తం పలచబడే మాత్ర ఐదు రోజులు ఆపి రండి, పన్ను తీద్దాం" అనే సలహా మన దంతవైద్యశాలల్లో ఇప్పటికీ వినిపిస్తోంది. లోహపు కవాటం అమర్చుకుని వార్ఫరిన్ కోవకు చెందిన ఎసిట్రోమ్ వాడేవారికీ అదే మాట, స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి మింగేవారికీ అదే మాట. ఈ అలవాటుకు ఆధారాల బలం లేదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1998లో అమెరికన్ దంతవైద్యుడు మైకేల్ వాల్ అప్పటిదాకా ప్రచురితమైన కేసులను క్రోడీకరించారు. రక్తం పలచబరిచే మందు మానకుండానే 950 మందికి పైగా రోగులకు 2,400కు మించి దంతచికిత్సలు జరిగాయి. నోట్లో చేసే మామూలు ఉపాయాలకు లొంగని రక్తస్రావం వారిలో 12 మందికే కలిగింది. మందు ఆపిన 526 మందిలో ఐదుగురికి గడ్డలు రక్తనాళాలకు అడ్డుపడి ప్రమాదమైంది. అందులో నలుగురు చనిపోయారు. వేర్వేరు కాలాల నివేదికలు కలిపిన లెక్క కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి తూచలేం. కానీ నష్టాల మధ్య తేడా మాత్రం స్పష్టమే. పన్ను తీసిన గుంట కంటికి కనిపిస్తుంది, వేలికి అందుతుంది. మెదడు నాళంలో ఇరుక్కున్న గడ్డ అలా అందదు.

నోట్లో రక్తం మళ్లీ మళ్లీ కారడానికి మాత్ర ఒక్కటే కారణం కాదు. గుంటలో కట్టిన గడ్డను కరిగించే ప్రక్రియకు లాలాజలం తోడ్పడుతుంది. అందుకే గుంటలో జెలటిన్ స్పాంజి ఉంచి, చిగురు అంచులు దగ్గరికి లాగి కుట్లు వేసి, గాజుగుడ్డ గట్టిగా కరిచిపట్టమన్న తరువాత కూడా ఆ గడ్డను కాపాడుకోవాలి. ఆ పని ట్రానెక్సామిక్ ఆమ్లం చేస్తుంది. 1989లో సిండెట్-పెడర్సన్ బృందం మందు ఆపని 39 మందిపై దీన్ని పుక్కిలి ద్రావణంగా పరీక్షించింది. ఉత్తుత్తి ద్రావణం వాడినవారిలో ఎనిమిది మందికి తరువాత రక్తం కారింది. అసలు మందు పుక్కిలించినవారిలో ఒక్కరికే. ఇంత సులభమైన సాధనం చేతిలో ఉండగా గుండె మందుపై చేయి వేయడం నాకు సమర్థనీయంగా కనిపించదు.

వార్ఫరిన్ వాడేవారికి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే సమయాన్ని సూచించే కొలత) 4 కన్నా తక్కువగా ఉంటే మందు ఆపకుండానే పన్ను తీయవచ్చని స్కాట్లాండ్ దంతవైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరీక్ష 24 గంటల లోపుది కావాలి. ఐఎన్ఆర్ నిలకడగా ఉన్నవారికి 72 గంటలు చాలు. ఒకటి నుంచి మూడు పళ్లు మామూలుగా తీసే సందర్భంలో ఎపిక్సాబాన్ వంటి కొత్త మందులనూ ఆపనక్కరలేదు. స్టెంటు రోగుల విషయంలో 2007లోనే అమెరికన్ హృద్రోగ, దంతవైద్య సంఘాలు కలిసి హెచ్చరించాయి: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండింటినీ అర్ధాంతరంగా మాన్పిస్తే స్టెంటు మూసుకుపోయే ముప్పు ఉంది.

మన దగ్గర అసలు ప్రమాదం చాలాసార్లు చీటీలో ఉంటుంది. పన్ను తీశాక అలవాటుగా రాసే మెట్రోనిడజోల్ వార్ఫరిన్ ప్రభావాన్ని బాగా పెంచుతుంది. నొప్పికిచ్చే డైక్లోఫెనాక్ ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తుంది. కుట్లు సరిగ్గా పడ్డా, మూడో రోజున రక్తం కారడానికి ఈ రెండూ చాలు. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. మెట్రోనిడజోల్ తప్పనిసరైతే ఐఎన్ఆర్‌ను మళ్లీ చూడాలి.

ఎసిట్రోమ్ వాడేవారు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు తాజా ఐఎన్ఆర్ కాగితం, వాడే మాత్రలన్నీ వెంట తీసుకెళ్లండి. ఆపమని ఎవరు చెప్పినా, మీ గుండె వైద్యుణ్ణి అడగకుండా ఒక్క పూట కూడా మానకండి.